కప్పను మింగే ఉద్యోగం

విజయవాడ,
3 నవంబరు 2024

అక్కా,

ప్రియమైన అని మొదలుపెట్టబుద్ధి కాలేదు. ఫోను కలవడం లేదని అనుకుంటూ ఉంటావు. నీ నంబరు నేనే బ్లాక్ చేశాను. నీ గొంతు వింటే నా నోటికి ఏం వస్తుందో నాకే నమ్మకం లేదు. అందుకే ఈ మెయిలు. రాసేటప్పుడైతే కాస్త ఆగి ఆలోచిస్తాను.

వీడియో మాకూ చేరింది. "ఈవిడ మీ ఆడపడుచు కదా" అంటూ ప్రణతి ఆఫీసులో ఎవరో చూపించారట. అందులో నువ్వు ఆ శ్యాంసుందర్ పక్కన పట్టుచీర కట్టుకుని, షుగరు జబ్బుకని వాడు అమ్మే పొడి డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డావు. "మా వారు పొడి మధ్యలో మానేశారు. మానకుండా ఉంటే ఈరోజు బతికి ఉండేవారు" అన్నావు. గొంతు కూడా వణకలేదు.

రాఘవ బావ ఎందుకు పోయాడో నీకు తెలియదా? బావ మానింది పొడి కాదు, ఇన్సులిన్. డాక్టరు కాని ఆ డాక్టరు మాట నమ్మి సూదులు పక్కన పడేశాడు. రెండు వారాలు తిరక్కుండా ఆస్పత్రి మంచం మీద ఊపిరి అందక కొట్టుకున్నాడు. అప్పుడు పక్కన ఉన్నది నువ్వు. ఫోన్లో నాతో ఏడ్చిందీ నువ్వే. బావ పోయాక అక్కడ ఉండటానికి నీ పర్మిట్టు, ఆ ఇఖామా, చెల్లదని, శ్యాంసుందరే తన కంపెనీలో ఉద్యోగమిచ్చి కాగితాలు మార్పించాడని చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అయినా నీ కూతురు సహస్ర చదువు ఉంది కదా అని ఊరుకున్నాను. ఇంత దూరం వెళ్తావనుకోలేదు.

సహస్ర కూడా చూసింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి కాలేజీకి వెళ్ళిపోయింది.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. నీకు తగిన మాట తెలుగులో దొరక్క, ఇప్పుడెవరూ వాడని పాత ఇంగ్లీషు మాట ఒకటి వెతికాను. నువ్వు టోడీవి.

శ్రీవత్స


కువైట్,
8 నవంబరు 2024

చిరంజీవి శ్రీవత్సకు,

మీ అందరి ఆరోగ్యం బాగుందని తలుస్తాను. ఇక్కడ ఎండ తగ్గింది, మధ్యాహ్నం కూడా కిటికీ తెరుచుకోవచ్చు. మొన్న షర్క్‌లో ఆఫీసు నుంచి వస్తూ చేపల మార్కెట్లోకి వెళ్ళి జుబైదీ కొన్నాను. బావకి ఇష్టం కదా. శుభ్రం చేయించి సంచీలో వేయించుకున్నాక గానీ గుర్తు రాలేదు. పక్క ఫ్లాటు వాళ్ళకి ఇచ్చేశాను.

నీ మెయిలు చదివాను. అన్నమాట అన్నాను, కాదనను. సహస్రకి నా తరఫున ఏమీ నచ్చజెప్పొద్దు. అది ఏమనుకుంటే అదే.

ఒక్కటి అడగాలి. నువ్వు రాసిన మాట నిఘంటువులో చూశాను. భజనపరుడు, అడుగులకు మడుగులొత్తేవాడు అని ఉంది. ఇలాంటివాళ్ళు నీ కాలేజీలోనే బోలెడుమంది ఉంటారు. నువ్వు అంత మామూలు తిట్టు వెతుక్కోవు. చిన్నప్పుడు కూడా నన్ను తిట్టాలంటే ఒక పూటంతా ఆలోచించేవాడివి. దాని వెనక ఏదో కథ ఉండి ఉంటుంది. అది చెప్పు. ఫోనులో వెతికితే నాకూ దొరుకుతుంది గానీ, తిట్టినవాడి నోటితోనే వినాలని ఉంది.

ప్రణతిని అడిగానని చెప్పు.

అక్క


విజయవాడ,
12 నవంబరు 2024

అక్కా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. క్లాసులో పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగానే మొదలుపెడతాను. చివరిదాకా అలాగే ఉంటానని మాట ఇవ్వలేను.

మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో సంతలు తిరుగుతూ మందులు అమ్మేవాళ్ళు ఉండేవారు. వైద్యం రాదు. బల్ల ఎక్కి అరవడం వచ్చు. అలాంటివాణ్ణి మౌంటిబ్యాంక్ అనేవాళ్ళు. ఇటలీ భాష నుంచి వచ్చిన మాట, బల్లెక్కినవాడని అర్థం. వాడు ఎంత అరిచినా జనం ఊరికే కొనరు కదా, కళ్ళకు చూపించాలి. అందుకని వెంట ఒక నౌకర్ని తిప్పుకునేవాడు. గోదురుకప్ప ఒళ్ళంతా విషమని ఆ రోజుల్లో అందరి నమ్మకం. నౌకరు అందరి ముందూ కప్పను నోట్లో వేసుకుని మింగేవాడు. మింగినట్టు నటించి చేతిలో దాచేవాళ్ళు కొందరు, గతిలేక నిజంగానే మింగినవాళ్ళు కొందరు. మింగి నేల మీద పడి కొట్టుకునేవాడు. అప్పుడు యజమాని బల్ల దిగి వాడి నోట్లో రెండు చుక్కల మందు పోసేవాడు. నౌకరు లేచి నిలబడేవాడు. సీసాలు అమ్ముడుపోయేవి.

ఆ నౌకర్ని టోడ్ ఈటర్ అన్నారు. కప్పను తినేవాడు. ఆ తర్వాత గొప్పింటి ఆడవాళ్ళ పంచన చేరి, వాళ్ళేమన్నా తలూపుతూ బతికే బీద బంధువులకూ అదే పేరు పెట్టారు. పలకడానికి పొడుగైందని కుదించి టోడీ చేశారు. నిఘంటువులో నువ్వు చూసిన అర్థం చివరికి మిగిలిన పిప్పి.

భజన చేసేవాడు నోటితో పొగుడుతాడు, అంతే. టోడీ తన ఒళ్ళు అప్పగిస్తాడు. యజమాని మందులో ఏమీ లేదని ఆ సంత మొత్తంలో వాడొక్కడికే తెలుసు. తెలిసీ లేచి నిలబడతాడు, ఎదురుగా ఉన్న రోగిష్ఠి మనుషులు నమ్మాలని.

పోయినేడాది అలా ఎదురుగా కూర్చున్నవాళ్ళలో బావ ఒకడు. ఇప్పుడు ఆ బల్ల మీద నువ్వున్నావు. నా తిట్టుకి అర్థం అది.

శ్రీవత్స


కువైట్,
22 నవంబరు 2024

చి. శ్రీవత్సకు,

నువ్వు చెప్పిన కథ రెండుసార్లు చదివాను. నువ్వు మంచి మాస్టారివి.

మొన్న అబ్బాసియాలో ఒక హాల్లో మీటింగు పెట్టారు. వీడియో నీకు ఎలాగూ వస్తుంది కాబట్టి నేనే చెబుతున్నాను. నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి రెండు జిలేబీలు తినిపించారు. జనంలోంచి ఒకాయన్ని పిలిచి, షుగరు మిషను ఆయన చేతికే ఇచ్చి, నా వేలు పొడిపించారు. మూడు వందల నలభై వచ్చింది. అమ్మో అన్నారు అందరూ. గ్లాసుడు నీళ్ళలో పొడి కలిపి తాగాను. గంటసేపు శ్యాంసుందర్ మాట్లాడాడు. తర్వాత మళ్ళీ పొడిస్తే నూట ఇరవై. చప్పట్లు కొట్టారు. ఒకావిడ వచ్చి నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

బావ కూడా ఇలాంటి మీటింగు నుంచే ఇంటికొచ్చి, "నా కళ్ళతో నంబరు చూశాను పద్మా, నంబరు అబద్ధం చెప్పదు కదా" అన్నాడు. ఇంజనీరు మరి.

నీ కథలో నాకు ఒక సందేహం మిగిలింది. ఆ నౌకరు ఎప్పుడైనా, ఏ సంతలోనైనా, మందు పోశాక కూడా లేవకుండా ఉండిపోయాడా? అలా జరిగితే బల్ల మీదవాడి గతేమిటి? ఎక్కడైనా చదివి ఉంటే రాయి.

అక్క


విజయవాడ,
1 డిసెంబరు 2024

అక్కా,

నీకు షుగరు ఎప్పటి నుంచి? మూడు వందల నలభై ఉంటే మాతో ఒక్క ముక్క చెప్పలేదేం? ఆస్పత్రికి వెళ్తున్నావా, నువ్వు కూడా ఆ పొడే తాగుతున్నావా?

పైగా లేవకుండా ఉండిపోతే ఏమవుతుందని అడుగుతున్నావు. ఏమవుతుంది? ఇంకో బీదవాణ్ణి పెట్టుకుంటాడు. ఇది నన్ను బెదిరించడమైతే, ప్రాణం తీసుకుంటానని చెప్పడమైతే, దయచేసి తిన్నగా రాయి. ప్రణతి ఆ వాక్యం చదివి రెండు పూటలు అన్నం తినలేదు. సహస్రకు చూపించలేదు.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేక శ్యాంసుందర్‌కి నేరుగా మెయిలు పెట్టాను, వాడి కంపెనీ పేజీలో అడ్రసు ఉంటే. నువ్వు బల్లెక్కిన దొంగవి, మా అక్క నీ టోడీ, ఇద్దరినీ నేను వదలను అని ఇంగ్లీషులో రాశాను. నీ ఉద్యోగం పోతే పోనీ. ఇంటికి వచ్చెయ్.

శ్రీవత్స


కువైట్,
14 డిసెంబరు 2024

చి. శ్రీవత్సకు,

నాకు షుగరు లేదు. చచ్చే ఆలోచన అసలే లేదు. ప్రణతిని అన్నం తినమను.

నీ మెయిలు శ్యాంసుందర్‌కి చేరింది. నన్ను క్యాబిన్‌లోకి పిలిచి చూపించాడు. తెల్లబోయి ఉన్నాడు. "పద్మజగారూ, మీ తమ్ముడు టాడీ అంటున్నాడేమిటి? మనం పొడిలో కల్లు కలుపుతున్నామనా? ఈ దేశంలో ఇలాంటివి రాస్తే ఇద్దరం జైల్లో ఉంటాం" అన్నాడు. పేరు ముందు డాక్టరని రాసుకున్న మనిషి. నేను సర్దిచెప్పాను, మా తమ్ముడికి నేనంటే గిట్టదు, ఆస్తి గొడవలు అని. ఆయనకి బోలెడంత జాలి కలిగింది. సొంతవాళ్ళు కూడా వదిలేసిన మనిషి కాబట్టి ఇక నేను ఎక్కడికీ పోనని నమ్మకం కుదిరింది. ఆ రోజు నుంచి ఆఫీసు తాళాలు నాకే ఇస్తున్నాడు. అందుకు నీకు రుణపడ్డాను. మళ్ళీ మాత్రం రాయొద్దు.

ఇంకొకటి జరిగింది. నీకు చెప్పకూడదనుకున్నాను గానీ మోయలేకపోతున్నాను. సుల్తాన్‌బీ అని కడప జిల్లా మనిషి, ఇక్కడ ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. భర్త మస్తాన్ వలి అమ్ఘరాలో సిమెంటు లారీ నడుపుతాడు. సోమవారం లారీ దగ్గరే పడిపోయాడు. తీసుకెళ్ళి ఆస్పత్రిలో వేశారు. అక్కడ అతను కళ్ళు తెరవగానే సుల్తాన్‌బీ చేసిన మొదటి పని నాకు ఫోను చేయడం.

"మీరే గదమ్మా ఫోన్లో చెప్పిండేది, మీ ఇంటాయన పొడి నడిమిట్ల ఆపినందుకే సచ్చిపాయ అని. నేను బయపడి మా ఆయప్ప సూదులన్నీ పారేసినా. పొడి ఒక్కటే తాపిచ్చినా. ఇప్పుడేం జేయాల?" అంది.

వెళ్ళాను. పక్కన కూర్చున్నాను. సూదులు మళ్ళీ మొదలుపెట్టమని, డాక్టర్లు చెప్పేదాకా ఒక్క పూట కూడా ఆపొద్దని చెప్పాను. మనిషి గండం గట్టెక్కాడు. అంతకంటే ఏమీ అడక్కు. జనవరిలో కబ్ద్‌లో పెద్ద మీటింగు ఉంది. అది అయ్యేదాకా ఓపిక పట్టు.

అక్క


విజయవాడ,
22 డిసెంబరు 2024

అక్కా,

ఒక మనిషి నీ మాట విని చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. అది కళ్ళారా చూసి కూడా వచ్చే నెల మీటింగు అంటున్నావు. నన్ను ఓపిక పట్టమంటున్నావు. ఆఫీసు తాళాలు ఇచ్చాడని సంబరంగా చెబుతున్నావు.

బావ సంవత్సరీకం తిథి ప్రకారం జనవరి పదిహేడున వచ్చింది. మా ఇంట్లోనే జరిపిస్తాం. నువ్వు రానక్కరలేదు. ఇది నా మాట కాదు, సహస్ర మాట. "అమ్మ వస్తే నేను ఆ రోజు హాస్టలుకి వెళ్ళిపోతాను మామయ్యా" అంది.

ఇక రాయొద్దు.

శ్రీవత్స


కువైట్,
19 జనవరి 2025

శ్రీవత్సా,

రాయొద్దన్నావు. ఇది మాత్రం చదువు.

మొన్న శుక్రవారం మీరందరూ బావకి పిండం పెట్టే వేళకి నేను కబ్ద్‌లో ఉన్నాను. ఎడారిలో తోటలు అద్దెకిస్తారు, చలికాలంలో మనవాళ్ళంతా కుటుంబాలతో వెళ్తారు. గుడారాలు, పిల్లలకి ఊయలలు, పెద్ద డేగిశాల్లో బిర్యానీ. నాలుగైదు వందల మంది వచ్చి ఉంటారు. షర్క్ ఆఫీసులవాళ్ళు, ఆస్పత్రి నర్సులు, అమ్ఘరా షెడ్లలో పనిచేసే కరీంనగర్ మనుషులు. మధ్యలో చెక్కబల్లలు కలిపి వేదిక. మైకు. నా కుర్చీ.

ముందు ఆ ట్రిక్కు ఏమిటో చెబుతాను. నాకు తెలిసింది మొదటి మీటింగు రోజే. శ్యాంసుందర్ చెవిలో చెప్పాడు, "జిలేబీ కుడిచేత్తోనే తినండి, తుడుచుకోవద్దు, మిషనుకి ఆ వేలే చాపండి." పాకం అంటిన వేలు పొడిస్తే ఆ తీపి కూడా రక్తంలో కలిసి నంబరు పైకి లేస్తుంది. ఒంట్లో ఏమీ ఉండదు, ఉన్నదంతా వేలి మీదే. పొడి తాగించాక, "మందు పనిచేసేలోపు శుచిగా చేతులు కడుక్కోవాలి" అంటాడు. కడుక్కున్న వేలు పొడిస్తే అసలు నంబరు వస్తుంది. అంతే. దానికి బావ సూదులు పారేశాడు.

ఇది తెలిసిన పూటే అరిచి ఉండొచ్చు. పోలీసుల దగ్గరికి వెళ్ళొచ్చు కదా అని కూడా అంటావు. బావ పోయిన కొత్తలోనే తెలిసినవాళ్ళని అడిగాను. పొడి తినే సరుకు కింద వస్తుందట. సూదులు మానమని వాడు నోటితో చెప్పాడు, ఎక్కడా రాసివ్వలేదు. మహా అయితే దేశం నుంచి పంపేస్తారు, హైదరాబాదులో దిగి దండ వేయించుకుని ఇంకో బల్ల ఎక్కుతాడు. నాకు అది చాలదు. వాడు ఉద్యోగం ఇస్తానన్నప్పుడు ఏం చేస్తానో తెలియకుండానే ఒప్పుకున్నాను. వాడికి దగ్గరగా ఉండాలన్నంతవరకే తెలుసు. బావ గురించి వాడు రాసిచ్చిన అబద్ధం చదవమంటే చదివాను, ఇంకా దగ్గరవుతానని. ఏం చేయాలో నువ్వు చెప్పావు. కప్ప కథ చెప్పి నువ్వు నన్ను తిట్టావు, నాకేమో దారి కనిపించింది.

సుల్తాన్‌బీకి ఆస్పత్రిలోనే అంతా చెప్పేశాను.

"అంటే మా ఆయప్పను ఎరగా యేసినారా?" అంది.

లేదని అనలేకపోయాను. "వాణ్ణి పట్టుకుంటాను" అన్నాను.

"పట్టుకోండి. పట్టుకునే దినం నేనుండాల. మిమ్మల్ని మాత్రం నేను మాఫీ జేయను" అంది.

నాకు అది న్యాయంగానే అనిపించింది.

కబ్ద్‌లో భోజనాలయ్యాయి. నేను జిలేబీలు తిన్నాను. జనంలోంచి ఒక ఇంజనీరు వచ్చి వేలు పొడిచాడు. మూడు వందల అరవై రెండు. శ్యాంసుందర్ నంబరు మైకులో చదివి, పొడి కలిపిన గ్లాసు నా చేతికిచ్చాడు. నేను దాన్ని బల్ల మీద పెట్టాను. సుల్తాన్‌బీ సబ్బు, నీళ్ళ జగ్గు పట్టుకుని వేదిక ఎక్కింది. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు అందరూ. ఆమె నీళ్ళు పోసింది, నేను రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుని కొత్త తువ్వాలుతో తుడుచుకున్నాను. శ్యాంసుందర్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడే కాదు, ముందు పొడి తాగండి" అన్నాడు.

ఇంజనీరు వైపు వేలు చాపి, "మళ్ళీ పొడవండి" అన్నాను.

తొంభై ఎనిమిది.

ఆయన మిషను వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు. నేను మైకు తీసుకున్నాను.

"నేను పొడి తాగలేదు. చేతులు కడుక్కున్నాను, అంతే. నాకు షుగరు లేదు, ఎప్పుడూ లేదు. నా భర్త పేరు రాఘవ. ఇలాంటి మీటింగులో మీలాగే ముందు వరసలో కూర్చుని, ఈ నంబరు నమ్మి, ఇన్సులిన్ ఆపేసి చచ్చిపోయాడు. ఆయన పొడి మానలేదు. నేను వీడియోలో చెప్పింది అబద్ధం. మీలో ఎవరైనా నా మాట విని సూదులు ఆపి ఉంటే ఈ పూటే మళ్ళీ మొదలుపెట్టండి."

శ్యాంసుందర్ నవ్వాడు. వాడికి నవ్వడం బాగా వచ్చు. "భర్త పోయిన బాధలో ఉన్నారు పాపం, మనసు కుదుట లేదు. మిషను తప్పు చూపించి ఉంటుంది" అన్నాడు. కొందరు తలలూపారు కూడా.

అప్పుడు నా సంచీలోంచి నీలం రంగు చిన్న పర్సు తీశాను. ఆఫీసు ఫ్రిజ్‌లో లబన్ మజ్జిగ సీసాల వెనక దాక్కుని ఉండేది. రోజూ భోజనానికి ముందు శ్యాంసుందర్ దాన్ని జేబులో పెట్టుకుని బాత్రూంకి వెళ్తాడు. ఆ రోజు ఫ్రిజ్‌లోవి కార్లోకి సర్దింది నేనే. తాళాలు నా దగ్గరే కదా. బిర్యానీ, డబుల్ కా మీఠా తినేసి వేదిక ఎక్కాడు, కార్లో ఉందిలే అనుకుంటూ.

"ఇది డాక్టరుగారి ఇన్సులిన్. ఆయన పదేళ్ళుగా పొడుచుకుంటున్నారు. పొడి పనిచేసేదైతే ఆయనకి ఇది అక్కర్లేదు. ఇప్పుడే ఈ ఇసుకలో పారబోస్తాను" అని పర్సులోని సీసా మూత తీశాను.

వాడు నా దగ్గరికి వచ్చాడు. మొహాన చెమట. మెల్లగా, "ఇవ్వండి" అన్నాడు.

మైకు వాడి నోటి దగ్గర పెట్టాను. "గట్టిగా అడగండి. వెనకవాళ్ళకి వినపడలేదు."

ముందు వరస వైపు చూశాడు. నా చేతి వైపు చూశాడు. "నా ఇన్సులిన్ నాకు ఇవ్వండి" అన్నాడు.

ఆ మాట తోట చివర గోడ దాకా వినిపించింది.

నీకు అబద్ధం చెప్పను. సీసా చెప్పు కింద వేసి తొక్కాలనిపించింది. బావ కూడా చివరి రోజు అదే అడిగాడు, మాట పడిపోయే ముందు. ఇచ్చేశాను. జాలితో కాదు. వాడు చాలాకాలం బతకాలి.

పద్మజ


విజయవాడ,
25 జనవరి 2025

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆరు రోజులు ఊరుకున్నాను. నీ ఉత్తరం కంటే ముందే రెండో వీడియో వచ్చింది. ప్రణతి ఆఫీసువాళ్ళే మళ్ళీ చూపించారట. ఈసారి తనే పదిమందికి పంపింది.

నీ నంబరు అన్‌బ్లాక్ చేశాను. కానీ మాట్లాడే ధైర్యం ఇంకా రాలేదు. నేను వెతికి పట్టుకొచ్చిన మాట ఇలా వాడుకుంటావని ఊహించలేదు. కాలేజీలో ఎవరైనా అబద్ధమాడితే పిల్లలు "చేతులు కడుక్కుని చెప్పరా" అంటున్నారు. ఆ వీడియోలోంచే వచ్చింది. తిట్లు ఇలాగే పుడతాయి. ఇంకో యాభై ఏళ్ళకి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

నీ ఇఖామా సంగతేమిటి? వాడు నిన్ను ఏమైనా చేస్తాడేమోనని భయంగా ఉంది.

సహస్ర రెండో వీడియో చూడలేదు. చూడమంటే, "అది చూస్తే మొదటిది చెరిగిపోతుందా" అంది. నీ ఉత్తరం మాత్రం చదివి వినిపించమంది. మస్తాన్ వలి దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. చివరికి ఒక్క ప్రశ్న వేసింది. "అమ్మ ఇదంతా నాన్న కోసం చేసిందా, తన కోసమా? అడుగు మామయ్యా." జవాబు నువ్వే చెప్పాలి.

నిన్ను ఆ మాట అన్నందుకు ఏం రాయాలో కూడా తెలియడం లేదు.

నీ తమ్ముడు
శ్రీవత్స


కువైట్,
9 ఫిబ్రవరి 2025

చి. శ్రీవత్సకు,

ఆ మాట గురించి ఏమీ రాయక్కర్లేదు. ఆ రోజున అది నాకు సరిపోయే మాటే.

ఇక్కడి సంగతులు. కబ్ద్ తర్వాతి ఆదివారం మనవాళ్ళు డబ్బాలు పట్టుకొచ్చి షర్క్ ఆఫీసు మెట్ల మీద గుమ్మరించారు. మూడంతస్తుల మెట్లూ పొడి. ఊడ్చేవాడు తిట్టుకుంటూ ఊడ్చాడు. కంపెనీకి పూచీగా ఉన్న కువైటీ, ఆ కఫీల్, నాకేం సంబంధం లేదని తప్పుకున్నాడు. అధికారులు వచ్చి అమ్ఘరాలో పొడి దంచే షెడ్డుకు తాళం వేశారు. ఆ కంపెనీ పోయింది కాబట్టి నా ఇఖామా కూడా ఖలాస్. ఇంకో పని వెతుక్కోమని ఒకరిద్దరు సాయం చేయబోయారు, నేనే వద్దన్నాను.

మొన్న సాయంత్రం వాడు మా ఫ్లాటుకి వచ్చాడు. తలుపు సగమే తెరిచాను. గడ్డం పెరిగింది, చొక్కా నలిగింది. వచ్చేవారం వెళ్ళిపోతున్నాడట. పెళ్ళాం పిల్లలు ముందే వెళ్ళిపోయారు.

"మిషను పాడైందని ఒక్క వీడియో చేయండి పద్మజగారూ. మీ కష్టకాలంలో ఇఖామా ఇప్పించాను. ఆ విశ్వాసమైనా లేదా? హైదరాబాదులో నేను మొహం ఎత్తుకోవాలి కదా" అన్నాడు.

"చేస్తాను. నా భర్త పేరు చెప్పండి" అన్నాను.

నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. అన్ని మీటింగుల్లో మీ వారు, మీ వారు అన్నాడు తప్ప పేరు ఎప్పుడూ పలకలేదని నాకు అప్పుడే తట్టింది. కబ్ద్‌లో నేను మైకులో చెప్పాను. అది కూడా వాడి చెవిన పడలేదు. వాడి ధ్యాసంతా నంబరు మీదే ఉండి ఉంటుంది.

"సారు... ఇంజనీరుగారు..." అన్నాడు.

"రాఘవ" అన్నాను. "అనండి."

"రాఘవగారు" అన్నాడు. "క్షమించండి."

"అది నాకు పనికిరాదు. ఆ వీడియో మీరు దిగే ప్రతి ఊరికీ మీకంటే ముందు చేరుతుంది. ఎక్కడ బల్ల ఎక్కినా ముందు వరసలో ఎవరో ఒకరు లేచి చేతులు కడుక్కోమంటారు. అనకపోతే నేనే వచ్చి అంటాను. నాకు వేరే పనేమీ లేదు" అన్నాను.

వాడు ఇంకా ఏదో చెబుతుండగానే తలుపు వేశాను. లోపలికి వచ్చి అన్నం వండుకుని తిన్నాను. బావ పోయాక కడుపు నిండా తిన్నది ఆ రోజే.

సుల్తాన్‌బీ ఫోను ఎత్తడం లేదు. మస్తాన్ వలి మళ్ళీ లారీ ఎక్కాడని వేరేవాళ్ళు చెప్పారు.

ఇరవై మూడో తేదీన గన్నవరంలో దిగుతాను. సహస్రని విమానాశ్రయానికి తీసుకురావద్దు. రావాలనుకుంటే అదే వస్తుంది.

దాని ప్రశ్నకి జవాబు. నా కోసమే అని చెప్పు. బావ సంగతి నీకు తెలుసు, ఎవరి మీదా కోపం నిలుపుకోలేని మనిషి. బతికి ఉంటే "పోనీలే పద్మా" అని వాణ్ణి ఎప్పుడో వదిలేసేవాడు. ఆయన పేరు చెప్పుకుని నేను ఇది చేశానంటే ఆయనకి మచ్చ. వదలనిది నేను. ఇంటికి వచ్చాక కూడా వదలను. ఇలాంటి అమ్మ కావాలో వద్దో తేల్చుకోమను.

పద్మజ